పుట్టిల్లు పలాస, పోస్టింగ్ రాయగడ: మహిళా డాక్టర్ల ఇంటి లెక్క, డ్యూటీ లెక్క

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశాలోని ఈ ఊళ్లలో తెలుగింటి ఆడపిల్ల డాక్టరైతే పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఇల్లూ ఆసుపత్రీ రెండూ ఎలా నెట్టుకొస్తున్నావమ్మా?" అదే ఆసుపత్రిలో పనిచేసే భర్తను ఈ మాట ఎవరూ అడగరు. అడిగేవాళ్లకు దురుద్దేశమేమీ ఉండదు. కానీ ఇదంతా ఆవిడ ఓపిక మీద ఆధారపడిన వ్యవహారమని ఆ ప్రశ్న ముందే తేల్చేస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే ఓపిక పాలు తక్కువే. డ్యూటీ చార్టులో ఎన్ని పేర్లున్నాయి, ఉద్యోగం రెగ్యులరా కాంట్రాక్టా, పురుడు చదువులో ఏ సంవత్సరంలో వచ్చింది, బిడ్డను చూసే రెండో మనిషి రాష్ట్ర సరిహద్దుకు ఏ వైపున ఉన్నారు: చాలావరకు ఈ నాలుగే అన్నీ తేలుస్తాయి.

వయసుల లెక్క

పద్దెనిమిదేళ్లకు ఎంబీబీఎస్‌లో చేరితే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి ఇరవైమూడున్నర. పీజీ సీటు మొదటి ప్రయత్నంలోనే వస్తే ఇంకో మూడేళ్లు. ఆ తర్వాత సీనియర్ రెసిడెన్సీ, అంటే పీజీ అయ్యాక పెద్దాసుపత్రిలో చేసే గడువు ఉద్యోగం. మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే అది కనీసం ఏడాదైనా చేసి ఉండాలి. సూపర్ స్పెషాలిటీ అంటే మరో మూడేళ్లు. అన్నీ సాఫీగా జరిగినా ముప్ఫై దాటాకే తెరిపి. ఇంట్లో సంబంధాల మాట ఇరవైమూడుకే మొదలవుతుంది. 35 దాటితే గర్భం నిలవడం కష్టమవుతుందని, బీపీ, షుగర్ ముప్పు పెరుగుతుందని ఓపీలో రోజూ పేషెంట్లకు చెప్పేది ఆవిడే కాబట్టి ఆ సంగతి వేరే ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు.

పిల్లల్ని కనడానికి ఈ చదువులో అనువైన కాలమంటూ ఏదీ లేదు. మరీ ఇరకాటంలో పెట్టే కాలాలు మాత్రం ఉన్నాయి. వాటిలో మొదటిది పీజీ రెండో ఏడాది. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 పీజీ నిబంధనలు ప్రభుత్వ నియమాల మేరకు ప్రసూతి సెలవు ఇవ్వాలంటాయి. అనుమతించిన సెలవుకు మించి ఎన్ని రోజులు వాడితే అన్ని రోజులు కోర్సు పొడిగించాలని కూడా అవే అంటాయి. ఆరు నెలలు ఇంట్లో ఉంటే పరీక్ష బ్యాచ్‌మేట్లతో పాటు రాయలేరు. సీనియర్ రెసిడెంట్ (ఎస్‌ఆర్) పోస్టు, సూపర్ స్పెషాలిటీ పరీక్ష కూడా దాంతో పాటే వెనక్కి జరుగుతాయి. దానికి తోడు థీసిస్. థియరీ పరీక్షకు ఆరు నెలల ముందే అది ఇవ్వాలి కాబట్టి కేసులు పోగుచేసే కాలమంతా రెండో ఏడాదిలోనే పడుతుంది.

పీజీలో ఉండగానే బిడ్డ కావాలనుకునేవాళ్లు థీసిస్ అంశం ఎంచుకునేటప్పుడే ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఒక్కో పేషెంటును ఆరు నెలలు, ఏడాది వెంబడించాల్సిన అంశం వద్దు. ఒక్కసారి చూసి వివరాలు రాసుకుంటే సరిపోయేదో, పాత కేసు షీట్ల నుంచి తీయగలిగేదో మేలు. ఎథిక్స్ కమిటీ అనుమతి సెలవుకు ముందే చేతికి రావాలి. కో-గైడ్ పేరు మొదటే పెట్టించుకుంటే మీరు లేనప్పుడు కేసులు ఆగవు. జిల్లా రెసిడెన్సీ కింద మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాల్సిన కాలం మూడు, నాలుగు, ఐదో సెమిస్టర్లలో ఎప్పుడైనా రావచ్చు. దాన్ని ఏ సెమిస్టర్‌లో, ఏ జిల్లాలో వేయాలో ఆర్డర్ రాకముందే కోఆర్డినేటర్‌ను కలిసి మాట్లాడుకోవాలి. ఎనిమిదో నెలలో మారుమూల మల్కాన్‌గిరి ఆర్డర్ చేతికొచ్చాక పరుగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు.

సెలవు: చట్టంలో ఎంత, చేతికి ఎంత

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి 12 వారాల సెలవును 26 చేశారు. ఇప్పుడా నిబంధనలు సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, ఆపై బిడ్డకు 12. కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదు. కాన్పుకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉండాలి. గర్భస్రావమైతే 6 వారాలు. ఒడిశా ప్రభుత్వ రెగ్యులర్ సర్వీసులో ఉన్నవారికి సర్వీసు రూల్స్ కింద 180 రోజులు.

ఈ 26 వారాలకు గండి కొట్టేది ఒక్కోసారి మన ఆచారమే. ఏడో నెల పోగానే పురిటికి తీసుకెళ్లాలని పుట్టింటివాళ్లు పట్టుబడతారు. 32వ వారంలో సెలవు పెడితే కాన్పు తర్వాత మిగిలేవి 18 వారాలే. నాలుగు నెలల పసిబిడ్డను వదిలి డ్యూటీకి రావాలి. 38వ వారం దాకా పనిచేస్తే 24 వారాలు మిగులుతాయి, ఆరు నెలలూ తల్లిపాలే ఇవ్వాలన్న లెక్కకు దాదాపు సరిపోతాయి. పెద్దవాళ్లకు కోపం రాకుండా చెప్పాలంటే ఇంతే: ముందు తీసుకెళ్లే ప్రతి వారమూ వెనక తెగిపోతుంది. అలాగని బీపీ పెరిగినా, మాయ కిందికి ఉన్నా మొండికేసి 38 దాకా నిలబడమని కాదు.

చివరి నెలల్లో పని ఎలా ఉండాలో కూడా చట్టం చెప్పింది. ఈ నిబంధన చాలామంది డాక్టర్లకే తెలియదు. కాన్పుకు సుమారు 10 వారాల ముందు నుంచి, ఎక్కువసేపు నిలబడాల్సిన పనీ బరువైన పనీ వద్దని ఆవిడ అడిగితే ఇవ్వకూడదు. అడగడమన్నది ముఖ్యం. విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గదిలో నోటిమాటగా చెబితే తర్వాతి నెల చార్టులో అది కనిపించదు. కాన్పు అంచనా తేదీ రాసి, దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. కాన్పు తర్వాత 6 వారాలు మాత్రం ఆవిడ ఒప్పుకున్నా పని చేయించకూడదు.

అసలు తగువంతా ఉద్యోగం ఏ రకమన్న దగ్గరే వస్తుంది. కాంట్రాక్టు మీద ఉన్నవారికి "మీ టర్మ్ మార్చితో అయిపోతుంది, సెలవూ మార్చి వరకే" అని చెప్పడం ఏళ్లుగా అలవాటైంది. ఢిల్లీలో ఒక సీనియర్ రెసిడెంట్ వేసిన కేసులో 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. అర్హత ఒకసారి వచ్చాక, కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని తేల్చింది. ఎస్‌ఆర్‌లు, జాతీయ ఆరోగ్య మిషన్ (ఎన్‌హెచ్‌ఎం) డాక్టర్లు దరఖాస్తులో ఈ తీర్పును తేదీతో సహా రాస్తే ఆఫీసులో మాట తీరు మారుతుంది.

ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లలో సమస్య ఇంకో రకం. పది మంది, ఆపైన పనిచేసే చోట చట్టం వర్తిస్తుంది, కానీ ఉద్యోగులకే. జయపురం, బరంపురం నర్సింగ్ హోమ్‌లలో చాలామంది స్పెషలిస్టులు కాగితాల ప్రకారం ఉద్యోగులు కారు, కన్సల్టెంట్లు. నెలనెలా ఒకే మొత్తం వస్తుంది కాబట్టి జీతమే అనుకుంటారు. గర్భం నిలిచాక అడిగితే "మేడమ్, మీరు స్టాఫ్ కాదు కదా" అంటారు. టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) ఎలా కోస్తున్నారో చూస్తే సంగతి తెలిసిపోతుంది: జీతం పద్దు కిందా, వృత్తి ఫీజు కింద 10 శాతమా? రెండోదైతే సెలవు డబ్బు వచ్చే దారి దాదాపు లేనట్టే. చేరేటప్పుడే అగ్రిమెంటులో 26 వారాలు కాకపోయినా, కొన్ని వారాలకు కనీస మొత్తం ఇస్తారనీ, పోస్టు తిరిగి మీదేననీ రాయించుకోవాలి.

చార్టులో ఎన్ని పేర్లు?

ఒక విభాగంలో నలుగురు రెసిడెంట్లు, వంతుల వారీగా 24 గంటల డ్యూటీ అనుకుందాం. నెలకు ఒక్కొక్కరికి ఏడో ఎనిమిదో డ్యూటీలు. డ్యూటీ మర్నాడు సెలవిచ్చి, మిగతా రోజులు 8 గంటల చొప్పున వేస్తే వారానికి 70 గంటలు. వాళ్లలో ఒకరు ప్రసూతి సెలవు మీద వెళ్లారు, బదులుగా ఎవరినీ వేయలేదు. ముగ్గురికీ తలా పది డ్యూటీలు, వారానికి 75 గంటలు. పనెక్కువని మర్నాటి సెలవు కూడా ఎత్తేస్తే ఏకంగా 93. కేంద్ర ప్రభుత్వ 1992 రెసిడెన్సీ స్కీమ్ చెప్పింది వరుసగా 12 గంటలు, వారానికి 48. 2024లో మెడికల్ కమిషన్ వేసిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ సిఫారసు 74.

"ఆడవాళ్లను తీసుకుంటే ఇంతే" అన్న గొణుగుడు పుట్టేది ఈ చార్టులోంచే. సెలవు పెట్టినావిడ మీద మిగతావాళ్లకు కోపం రావడం సహజమే గానీ, ఆ కోపం వెళ్లాల్సిన చోటు వేరు. ఏడాది పొడవునా ఎవరో ఒకరు ప్రసూతి సెలవులో ఉండే విభాగాలు ఇప్పుడు మామూలు. సెలవు ఉత్తర్వుతో పాటే బదులు డాక్టర్ ఉత్తర్వు కూడా రాకపోతే, ఆ సెలవు ఖర్చును ఆసుపత్రి కాక సహోద్యోగులు భరించినట్టు. కాబట్టి దరఖాస్తు మూడు నెలల ముందే ఇచ్చి, అందులోనే "ఈ తేదీ నుంచి బదులు కావాలి" అన్న వాక్యం చేర్చడం మేలు. సూపరింటెండెంట్‌కు పై ఆఫీసును అడగడానికి ఒక కాగితం దొరుకుతుంది.

24 గంటల డ్యూటీ తీసేసి 12 గంటల షిఫ్టులు పెడితే తల్లులకు సుఖమని అనుకుంటారు. అన్నివేళలా కాదు. పాలు తాగే పసిబిడ్డ ఉన్నావిడకు 24 గంటలు కుదరదు, 12 కూడా కష్టమే. మూడేళ్ల పిల్లాడున్నావిడ మాత్రం తరచుగా 24 గంటల డ్యూటీనే కోరుకుంటుంది. నాలుగు రోజులకోసారి రాత్రి లేకపోయినా మర్నాడంతా ఇంట్లో ఉండొచ్చు. ఒక రాత్రికే నాయనమ్మను పిలిపించుకుంటే చాలు. 12 గంటల షిఫ్టుల్లో వరుసగా రెండు మూడు రాత్రులు వస్తే మనిషి ఇంట్లో ఉన్నా నిద్రలోనే గడుస్తుంది. చార్టు వేసేవారు అందరికీ ఒకే సూత్రం పెట్టకుండా ఎవరికి ఏది కావాలో అడిగితే సగం గొడవ తగ్గుతుంది.

ఇక్కడి విభాగాల్లో ఒక సౌలభ్యం కూడా ఉంది, ఎందుకో దాన్ని సరిగ్గా వాడుకోరు. తెలుగు డాక్టర్‌కు సంక్రాంతి మూడు రోజులూ కావాలి. ఒడియా సహోద్యోగికి జూన్ మధ్యలో రజ పండగ మూడు రోజులూ కావాలి. జనవరిలోనే ఈ మార్పిడి రాసి పెట్టుకుంటే పండగ వారంలో బతిమాలుకోవాల్సిన పని ఉండదు. ఆయాకు మాత్రం రజకు సెలవిచ్చి తీరాలి. అది మరిచిపోయి ఆ మూడు రోజులూ డ్యూటీ ఒప్పుకున్నవాళ్లు బిడ్డను నర్సుల గదిలో కూర్చోబెట్టాల్సి వస్తుంది.

డ్యూటీ ఎనిమిదికి అయిపోతుందని చార్టు అంటుంది. ఏడూ యాభైకి కాన్పు రెండో దశలోకి వచ్చిన పేషెంటు ఉంటే? "మొదలుపెట్టినవాళ్లే ముగించాలి" అన్న అలవాటున్న చోట ఇంటికెళ్లే వేళంటూ ఉండదు. ఏడున్నరకే అప్పగింత మొదలవ్వాలి: పేషెంటు ఎవరు, సమస్య ఏమిటి, ఇప్పటిదాకా ఏం చేశారు, ఏ రిపోర్టు రావాలి, ఏమైతే పెద్ద డాక్టర్‌ను పిలవాలి. ఇవన్నీ పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఎనిమిది తర్వాత నిర్ణయం కొత్తగా వచ్చినవారిదేనని యూనిట్ చీఫ్ ఒక్కసారి గట్టిగా చెబితే తప్ప ఇది నిలవదు.

రాత్రి డ్యూటీల గురించి ఒక మాట. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న మహిళా డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగిన తర్వాత మహిళా డాక్టర్లకు రాత్రి డ్యూటీలు వీలైనంత తగ్గించాలని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం అంటే, సుప్రీంకోర్టు తప్పుబట్టింది. భద్రత కల్పించాలి గానీ పని తీసేయడమేమిటని అడిగింది. అదే సరైన మాట. రాత్రులు తీసేస్తే ఎమర్జెన్సీ ఆపరేషన్ల అనుభవం పోతుంది, ఆ తర్వాత "ఆవిడకు చేతకాదు" అంటారు. డ్యూటీ రూముకు లోపలి గడియ, దాన్ని ఆనుకునే బాత్రూము, అక్కడి నుంచి లేబర్ రూము దాకా లైట్లు. ముందు ఈ మూడూ ఉన్నాయో లేదో చూడమనండి.

గర్భంతో వార్డులో

పెళ్లికి ముందో, పిల్లల ఆలోచన మొదలవగానేనో చేయాల్సినవి రెండు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాక, రక్తంలో రక్షణ ఎంతుందో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష. 10 దాటితేనే రక్షణ ఉన్నట్టు. చిన్నప్పుడు టీకా పడిందన్న ధీమాతో ఈ పరీక్ష చేయించుకోనివారే ఎక్కువ. రెండోది రుబెల్లా టీకా; వేయించుకున్నాక కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

ఎక్స్‌రే, సీ-ఆర్మ్ (ఆపరేషన్ల్లో వాడే ఎక్స్‌రే యంత్రం), క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల పరీక్షల గది) దగ్గర పనిచేసేవారు గర్భం తెలియగానే రాతపూర్వకంగా చెప్పాలి. మన అణుశక్తి నియంత్రణ మండలి ప్రకారం చెప్పిన నాటి నుంచి కడుపులోని బిడ్డకు తగిలే రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ మించకూడదు. మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదన్న మన పట్టింపు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే బిడ్డకు సున్నితమైన కాలం సరిగ్గా అదే. ఆర్థోపెడిక్ ఆపరేషన్లకు మత్తు ఇచ్చే అనస్థీషియా డాక్టర్లు ఈ జాబితాలో తామూ ఉన్నామని తరచు మరిచిపోతారు. గ్యాసును బయటికి పంపే ఏర్పాటు లేని పాత థియేటర్లో నైట్రస్ ఆక్సైడ్ వాడకం తగ్గించమనడం కూడా తప్పేమీ కాదు.

కోరాపుట్, రాయగడ, మల్కాన్‌గిరి జిల్లాల్లో మలేరియాను లెక్కలోంచి తీసేయలేం. ఒడిశా ప్రభుత్వం 2017లో మారుమూల ఊళ్ల కోసం 'దమన్' కార్యక్రమం పెట్టింది కూడా ఈ బెడద వల్లే. గర్భిణికి ఫాల్సిపారమ్ రకం మలేరియా సోకితే రక్తం పడిపోతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది. దోమతెర ఊరందరికీ పంచే డాక్టర్ తన క్వార్టర్‌లో ఫ్యాన్ వేసుకుని పడుకోవడం మామూలే. జ్వరం వస్తే అలసట అనుకోకుండా ఆ రోజే పరీక్ష చేయించుకోవాలి.

డబ్బాలో పాలు

డ్యూటీలో చేరాక మొదట దెబ్బతినేది పాలు. ఆరు గంటలకు మించి పిండకపోతే రొమ్ములు గట్టిపడి జ్వరం రావచ్చు, వారం తిరక్కుండా పాలు తగ్గుతాయి. మూడు నాలుగు గంటలకోసారి పిండాలి. 24 గంటల డ్యూటీలో ఇది ఆరేడు సార్లు; ఒక్కోసారికి 15, 20 నిమిషాలు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు పాల విరామాలు చట్టమే ఇచ్చింది. 50 మంది, ఆపైన పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూడొచ్చు. ఉన్న చోట అది పగలు పది నుంచి ఐదింటి దాకానే తెరిచి ఉంటే రాత్రి డ్యూటీ తల్లికి ఉపయోగం లేదు. ఆ సంగతి కూడా దరఖాస్తులో రాయాలి.

తిరిగి చేరడానికి రెండు వారాల ముందే ఇంట్లో మొదలుపెట్టాలి. ఉదయం మొదటి పాలు తాగాక అరగంటకు పిండితే ఎక్కువ వస్తాయి. ఉడికించి ఆరబెట్టిన మూత స్టీలు డబ్బాల్లో, ఒక్కోదానిలో ఒక పూటకు సరిపడా మాత్రమే పోసి, పైన టేపు అంటించి పిండిన వేళ రాయాలి. 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు నిలవుంటాయంటారు. ఏప్రిల్, మేలలో బరంపురం గది 25 డిగ్రీలు ఎక్కడుంటుంది? వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడేయాలి. తలుపు అరలో వద్దు, లోపలి వెనక భాగంలో పెట్టాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ ఉన్న సంచి కావాలి. వార్డులో టీకాలు పెట్టే ఫ్రిజ్‌లో మాత్రం దాచకండి: పదేపదే తలుపు తీస్తే టీకాలు పాడవుతాయి, తనిఖీలో మీ డబ్బాయే మొదట దొరుకుతుంది.

మీగడ పైకి తేలితే పాలు విరిగాయని అమ్మమ్మలు పారబోస్తారు. ముందే చెప్పి ఉంచాలి: అది మామూలే, మెల్లగా తిప్పితే కలుస్తుంది. పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ల గిన్నెలో డబ్బా ఉంచితే చాలు. పట్టడానికి సీసా కన్నా మన ఉగ్గుగిన్నే మంచిది. సీసాకు అలవాటు పడిన బిడ్డ రాత్రి తల్లి దగ్గర తాగనని మొరాయిస్తుంది.

సరిహద్దు గీత

ఇచ్ఛాపురం నుంచి బరంపురం 25 కి.మీ. పాతపట్నం, పర్లాకిమిడి పక్కపక్కనే. పార్వతీపురం నుంచి రాయగడ దాదాపు 50 కి.మీ. దూరాలు చూస్తే ఇల్లు అటు, ఉద్యోగం ఇటు అన్నది సులువుగానే కనిపిస్తుంది. కానీ ప్రభుత్వ డాక్టర్ హెడ్‌క్వార్టర్‌లోనే, అంటే పోస్టింగ్ ఉన్న ఊళ్లోనే ఉండాలి. రైలును నమ్ముకుని రోజూ రాకపోకలు చేస్తే, అది రెండు గంటలు ఆలస్యమైన రోజునే లేబర్ రూములో కేసు వస్తుంది.

భర్త ఆంధ్రప్రదేశ్ సర్వీసులో, భార్య ఒడిశా సర్వీసులో ఉంటే భార్యాభర్తలను ఒకే ఊళ్లో వేసే వెసులుబాటు పనిచేయదు. రెండూ వేర్వేరు క్యాడర్లు, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి బదిలీ అంటూ ఉండదు. పెళ్లి చూపుల్లో జీతం గురించి అరగంట మాట్లాడతారు గానీ ఈ సంగతి ఎత్తరు. ఒడిశా సర్వీసుకు దరఖాస్తు చేయాలంటే ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసైనట్టు ఆధారం కావాలి. శ్రీకాకుళం వైపు చదివి ఇటు కోడలిగా వచ్చినవారు ఆ పరీక్ష పని ముందే చూసుకోవాలి. ప్రైవేటులో చేరినా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని ఒడిశా కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి, పీజీ డిగ్రీని కూడా చేర్పించాలి. ఇందులో ఆలస్యమయ్యేది చాలాసార్లు పేరు దగ్గరే. డిగ్రీ మీద పుట్టింటి ఇంటిపేరు, ఆధార్ మీద అత్తింటి ఇంటిపేరు ఉంటే ప్రతి కౌంటర్లో ఒక అఫిడవిట్. మా సలహా సూటిగా చెబుతాం: ఏ కాగితంలోనూ ఇంటిపేరు మార్చకండి. అత్తగారు నొచ్చుకుంటే పెళ్లి శుభలేఖలో వేయించండి.

ఒడిశాలో ఆసుపత్రులను మారుమూలతనాన్ని బట్టి వి-0 నుంచి వి-4 దాకా విభజించారు. మారుమూల పనిచేసేవారికి అదనపు భత్యం ఉంటుంది. ప్రభుత్వ సర్వీసులో ఉండి పీజీ పరీక్ష రాసేవారికి కష్టమైన ప్రాంతాల్లో చేసిన ఏడాదికి 10 శాతం చొప్పున, 30 శాతం దాకా మార్కుల వెయిటేజీ ఇవ్వడానికి పీజీ నిబంధనలు రాష్ట్రాలకు వీలిచ్చాయి. అందుకే మల్కాన్‌గిరి లాంటి చోట పనిచేయాలనుకుంటే పిల్లలు పుట్టక ముందే పూర్తి చేయడం తెలివైన పని. తర్వాత బడి, పిల్లల డాక్టర్, ఆయా అన్నీ చూసుకోవాలి. అక్కడ ఆ పిల్లల డాక్టర్ కూడా మీరే కావచ్చు.

బ్రాంచి ఎంపికలోనూ ఇదే తప్పు జరుగుతుంది. గైనిక్ వద్దు, రాత్రులు ఎక్కువ. స్కిన్ తీసుకో, హాయి అంటారు. చూడాల్సింది కాల్ (రాత్రి అత్యవసర పిలుపులు) పంచుకునేవారు ఎంతమంది అన్నది. ఎనిమిది మంది గైనిక్ డాక్టర్లున్న కాలేజీలో వారానికి ఒక రాత్రి. సబ్‌డివిజన్ ఆసుపత్రిలో ఒక్కరే అనస్థీషియా డాక్టరైతే ఏడాదంతా రాత్రే. పైగా ఆడ డాక్టర్‌కే చూపించుకుంటామనే సవర, కువి మాట్లాడే గిరిజన తల్లులు ఉన్న చోట గైనిక్ చదవాలనుకునే ఆవిడ స్కిన్‌కు పోవాలనడం ఎవరికి మేలు?

ఇంట్లో రెండో మనిషి

జాతీయ గణాంక కార్యాలయం 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడతారు. డాక్టర్ల ఇళ్లలో చీపురు పట్టే పని ఆయాకు పోయినా, ఆయా రాని రోజు ఎవరు సెలవు పెట్టాలన్న ప్రశ్న మాత్రం పోదు. భార్యాభర్తలిద్దరి డ్యూటీ చార్టులూ ఫ్రిజ్ మీద పక్కపక్కన అంటించి, ఇద్దరికీ రాత్రి డ్యూటీ పడిన తేదీలకు ఎర్ర గీత పెట్టండి. ఆ తేదీలు నెలకు రెండు మూడుకు మించవు. వాటికి ముందే మార్పిడి అడగాలి, అందులో సగం భర్త అడగాలి.

అమ్మమ్మ, నాయనమ్మలకు అరవై దాటి ఉంటాయి, బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పులు. వరుసగా మూడు రాత్రులు పసిబిడ్డతో మేలుకుంటే నాలుగో రోజు ఆవిడే పేషెంటు. రెండు నెలలకోసారి వంతు మార్చుకునేలా, రాత్రి పని ఆయాకు, పర్యవేక్షణ పెద్దావిడకు ఉండేలా చూసుకోవాలి. ఆయాకు జీతంతో పాటు వారానికి ఒక సెలవు ముందే మాట్లాడుకుంటే చెప్పకుండా మానేయడం తగ్గుతుంది. మూడో ఆసరాగా క్వార్టర్స్‌లో పక్కింటి సిస్టర్‌తో మాట అనుకుని ఉండాలి; వాళ్ల పిల్లల జ్వరానికి మీరు అర్ధరాత్రి లేస్తారు కాబట్టి అది ఉచితమేం కాదు.

సొంత క్లినిక్ అయితే

"ఉద్యోగం మానేసి క్లినిక్ పెట్టుకుంటే నీ ఇష్టం వచ్చిన వేళలు" అని బంధువులు చెబుతారు. వేళలు మీవే, నిజమే. ప్రసూతి సెలవు డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వరు. ఆరు నెలలకు అద్దె, స్టాఫ్ జీతాలు, అల్ట్రాసౌండ్ మెషీన్ ఈఎంఐ ఎంతవుతాయో కూడి, ఆ మొత్తాన్ని గర్భానికి ముందే విడిగా పెట్టుకోవాలి. గర్భిణులకు కార్డు రాసేటప్పుడే "మీ కాన్పు నెలలో నేనుండను, ఫలానా డాక్టర్ చూస్తారు" అని కార్డు మీద రాయాలి. ఎనిమిదో నెలలో చెబితే వాళ్లకూ కష్టం, మీకూ మాట పోతుంది. పాత పేషెంట్లను ఫోన్‌లో చూడొచ్చు. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అందుకు వీలిచ్చాయి, మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మత్తు మందులు రాయకూడదు.

అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు స్కానింగ్ దగ్గర జరుగుతుంది. మీ బదులు వచ్చే డాక్టర్ పేరు పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్‌లో లేకుండా ఒక్క స్కాన్ చేసినా మెషీన్‌కు సీలు పడుతుంది. డాక్టర్ మారుతున్నారని జిల్లా అధికారికి 30 రోజుల ముందే తెలపాలి. ఒక డాక్టర్ ఒక జిల్లాలో రెండు కేంద్రాలకు మించి స్కాన్ చేయకూడదు కాబట్టి, మీరు అనుకున్నవారికి ఆ రెండూ నిండి ఉండొచ్చు. ఆరో నెలలోనే అడిగి, అర్హత పత్రాల కాపీలు తీసుకుని, దరఖాస్తు ఇచ్చేయండి. రిజిస్ట్రేషన్‌లో కొత్త పేరు చేరినట్టు కాగితం చేతికొచ్చేదాకా మెషీన్ గదికి తాళం వేసే ఉంచండి.